కుడి మోకాలు

కీల్పాక్ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి
"ఎప్పుడైనా పడ్డారా?" అన్నాడు.
లేదన్నాను.
పడలేదు, దిగాను.
డెబ్బై ఆరు నవంబరులో
ఎగ్మూరు కాలేజీ చెక్క స్టేజీ మీద
ఒక ఊరి పెద్దల్ని బతికించడానికి.
అతనికి చెప్పలేదు. బయట ఇంకా పదకొండుమంది కూచున్నారు.

ఇంగ్లీషు నాటకం, ఎప్పటిదో ఇంగ్లండు.
"తెలుగమ్మాయికి రాణి ఇవ్వండి, మాటలు తక్కువే" అంది
యూనిస్ మిస్సు, నన్ను చూసి కాదు, హాజరుపట్టీ చూసి.
రాజుకి నూట పది లైన్లు. రాణికి రెండు.
రాజు పూంగోదై, హాకీ టీములో గోలీ,
గడ్డం అంటిస్తే తుమ్ములు.
షావుకారుపేట జరీ కాగితంతో నా కిరీటం,
వార్డెనమ్మ ఆకుపచ్చ ధర్మవరం,
కడుపుకి నాడాతో కట్టిన హాస్టలు దిండు.
రాణి అప్పుడు నిండు చూలాలు.

ఏడాది ముట్టడి. కోటలో ఎలుకలు కూడా అయిపోయాయి.
ఆరుగురు పెద్దమనుషులు
వట్టి కాళ్లతో, మెడల్లో తాళ్లతో,
ఊరి తాళంచెవులు పట్టుకొస్తారు.
మా ఆరుగురూ జువాలజీ ఫస్టియర్, తాళ్లు వంటింటి బావివి.
తలలు తియ్యమంటాడు రాజు.
అప్పుడు నేను మోకరించాలి.
"ధబ్బున కాదు," అరిచేది మిస్సు,
"పడిపోవడం లేదు నువ్వు, అడుగుతున్నావు."
నెల్లాళ్లు, పూటకి పదిసార్లు,
కుడి మోకాలు ముందు.

కన్నెమరా లైబ్రరీలో రాణి కోసం వెతికాను.
రాజుకి ఒక బీరువా. ఆమెకి పేజీన్నర.
పద్నాలుగో పదిహేనో, సముద్రం దాటి వచ్చింది.
అప్పటికే అత్తగారు మామగారిని గద్దె దింపేసి ఉంది.
రెండేళ్లు ఆగి, కడుపు పండాకే కిరీటం పెట్టారు.
పన్నెండుమంది పిల్లలు.
పెళ్లికి బయల్దేరిన ఒక కూతురు
దారిలోనే మహమ్మారికి పోయింది.
అప్పులు, మళ్లీ అప్పులు.
చివర్న దుప్పట్లోంచి చెయ్యి తీసి
రాజు చెయ్యి పట్టుకుందట:
నా అప్పులు తీర్చు,
ఇస్తానన్నవి ఇచ్చెయ్,
పోయాక నా పక్కనే పడుకో.
పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో,
ముట్టడినాటి ఆ గర్భం కట్టుకథ కావచ్చునని.
సరే.
దిండేనన్నమాట.

ఆ సాయంత్రం తుఫాను గాలి. నేను కిందికి దిగగానే కరెంటు పోయింది.
రేకుల మీద వాన, ముందు వరసలో ఎవరో దగ్గు.
రాజుకి మిగిలింది ఒక్కటే మాట, క్షమించడం.
చీకట్లో పూంగోదై గుసగుస: "మరందుట్టేన్ డీ."
మర్చిపోయింది.
నా రెండు మాటలూ ఖర్చయిపోయాయి.
వెనకాల ఆరు తాళ్లు ఊపిరి బిగబట్టాయి.
ఎంతసేపో తెలీదు, చెక్క మేకు ఒకటి మోకాట్లో దిగుతోంది.
అప్పుడు నా నోట్లోంచి
మా అమ్మ నాన్నతో అనే మాట తెలుగులో వచ్చేసింది:
"పోనీలెండి, వదిలెయ్యండి."
కాసేపటికి పైనుంచి రాజు అన్నాడు,
"సరి."

కాలేజీ పత్రికలో రాజు ఫొటో.
నా పేరు వసుంధతి అని అచ్చయింది.
నేను వసుమతిని.

తర్వాత ముప్పై ఒక్కేళ్లు పారీస్ కార్నర్లో
హైకోర్టు ఎదుట మెట్ల కింద టైపు మిషను.
కొడుకు పుళల్ జైల్లో ఉన్న తల్లులు,
మడతల్లో చెమట పట్టిన కాగితాలు.
పోనీలెండి వదిలెయ్యండి అంటే కోర్టుకి అర్థం కాదు,
దాన్నే తొమ్మిది పేరాలుగా విరిచి, నంబర్లు వేసి
సవినయంగా ప్రార్థించేదాన్ని.
కొందర్ని వదిలారు.
చాలామందిని వదల్లేదు.
పేజీకి రూపాయిన్నరతో మొదలెట్టాను.

"ఇకమీదట మోకాళ్ల మీద కూచోకండి" అన్నాడు డాక్టరు,
చీటీ చింపి ఇస్తూ.
నవ్వొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాను.
రోడ్డు మీద ఆటో నూట ఎనభై అన్నాడు.
నూట ఇరవై అన్నాను.
నిలబడే.